ముందు ఆ సోఫాలు తియ్యండి

ఏడాదికి మూడు నాలుగుసార్లు నాకు ఒకే రకం వ్యాసం కంటబడుతుంది. రాసినవారి పేరు మారుతుంది, ఊరు మారుతుంది, అంతే. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో రామాలయం దగ్గర సంగీతం జరిగేది, పక్క ఊళ్ళ నుంచి బళ్ళు కట్టుకుని వచ్చేవారు, ఇప్పుడు ఎవరూ రారు. సినిమా మింగేసింది, టీవీ మింగేసింది, మిగిలింది ఫోను మింగేసింది. జనానికి అభిరుచి లేదు. చివర్లో ఒక నిట్టూర్పు.

ఇలాంటివి చదివి నేనూ నిట్టూర్చినవాణ్ణే. కానీ మా ఊళ్ళో వరసగా రెండేళ్ళు ఒక సంగీతోత్సవం నడిపాక నాకు నిట్టూర్పు రావడం మానేసింది. కోపం వస్తోంది. సినిమా మీద రావడంలేదు, జనం మీద రావడంలేదు. ఆ వ్యాసాలు రాసేవాళ్ళ మీద, చదివేవాళ్ళ మీద, అంటే మన మీదే వస్తోంది. చిన్న ఊళ్ళలో సంగీతం పీక నొక్కుతున్నది సంగీతమంటే ప్రాణం అని చెప్పుకునేవాళ్ళే అని నా ఆరోపణ. అందులో మొదటి ముద్దాయిని నేను. లెక్కలు చూపిస్తాను.

మా ఊరు విజయనగరానికి బస్సులో గంటన్నర. పేరు ఎందుకులెండి, అక్కడ నేను మళ్ళీ తిరగాలి. నేను హైదరాబాదులో కోడ్ రాసుకుని బతుకుతున్నాను. నాకు సంగీతం రాదు, వినడం వచ్చు. సంక్రాంతికి ఊరు నిండుతుంది కదా, పండగ అయిన మొదటి శని, ఆదివారాలు రెండు సాయంత్రాలు అన్ని రకాల సంగీతం ఒకే చోట వినిపిద్దాం అనుకున్నాం, నేనూ, నా ఇద్దరు స్నేహితులూ. తప్పెటగుళ్ళు, జముకుల కథ, నాదస్వరం, ఒక వయొలిన్ కచేరీ, సొంతంగా పాటలు కట్టుకుని పాడే విశాఖపట్నం కుర్రాళ్ళ బ్యాండ్ ఒకటి. ప్రభుత్వం డబ్బు వద్దు, పార్టీల డబ్బు వద్దు అని మొదటే అనుకున్నాం. అదొక్కటీ నిలబెట్టుకున్నాం.

మొదటి ఏడు ఖర్చు 1,42,000 రూపాయలు. అప్పుడు రాసుకున్న ఎక్సెల్ షీటు ఇప్పటికీ నా దగ్గర ఉంది. పందిరి, కుర్చీలు, సోఫాలు, స్టేజి డెకరేషన్ 38,000. మైక్‌సెట్టు, లైట్లు, జెనరేటరు 34,000. భోజనాలు, టిఫిన్లు 21,000. ఫ్లెక్సీలు, ఆహ్వాన పత్రాలు 17,500. శాలువాలు, దండలు, మెమెంటోలు 14,500. పాడినవాళ్ళకీ, వాయించినవాళ్ళకీ, ఆడినవాళ్ళకీ కలిపి 17,000.

ఆఖరి అంకె మళ్ళీ చూడండి. మొత్తం 31 మంది కళాకారులు. తలకి 550 రూపాయలు కూడా పడలేదు. వాళ్ళందరికీ ఇచ్చినదానికన్నా ఫ్లెక్సీలకి 500 ఎక్కువ ఇచ్చాం. ఆ ఫ్లెక్సీల మీద ఎవరి మొహాలున్నాయో చెప్పక్కర్లేదు. తప్పెటగుళ్ళ దళం పదహారుమందికి కలిపి 5,000 ఇచ్చి, తలా ఒక శాలువా కప్పి, ఫొటో తీయించి పంపించాం. ఈ షీటు నేనే తయారుచేశాను, ప్రతి గడీ నేనే నింపాను. నింపుతున్నప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. నన్ను ఇప్పటికీ వేధించేది ఆ సంగతే. డబ్బు చాలక తక్కువిచ్చామనుకుంటే అది వేరు. మిగిలిన పద్దులన్నీ రాశాక మిగిలినదాన్ని వాళ్ళకి రాశాం. పందిరివాడు తగ్గడు, జెనరేటరువాడు తగ్గడు. కళాకారుడు మాత్రం తగ్గుతాడు, ఎందుకంటే అతన్ని మనం ‘గౌరవిస్తున్నాం’.

డబ్బు సంగతి అయింది, ఇక కాలం. మా పిచ్చి మాది, రెండు రోజులూ మొత్తం వీడియో తీయించాం. తరవాత ఒక ఆదివారం కూర్చుని మొదటి సాయంత్రాన్ని నిమిషాల్లో కొలిచాను. ఆరింటికి మొదలవ్వాలి, రాత్రి పదికి ముగించాలి. 240 నిమిషాలు. ముఖ్య అతిథి రాక కోసం 40 నిమిషాలు ఆగాం. జ్యోతి ప్రజ్వలన, వేదిక మీదకి ఆహ్వానాలు, తొమ్మిదిమంది ప్రసంగాలు, సత్కారాలు, వందన సమర్పణ కలిపి 97 నిమిషాలు. మైకులు సర్దుకోడానికి 15. సంగీతం 88 నిమిషాలు.

సంగీతోత్సవంలో సంగీతం కన్నా సంగీతం గొప్పతనం మీద ఉపన్యాసాలు ఎక్కువసేపు జరిగాయి. తొమ్మిదిమందిలో ఏడుగురు “సమయాభావం వల్ల క్లుప్తంగా” అన్నారు. ఇద్దరు ఆ మాట కూడా అనలేదు.

ఆ రోజు చివర ఉన్నది జముకుల కథ. జముకు తెలియనివారికి, తోలు బిగించిన పాత్రకి నరం కట్టి మీటే వాద్యం అది. ఆ గుంయ్‌మనే మోత మీద కథ నడుస్తుంది, పెద్దాయన చెప్తుంటే పక్కవాళ్ళు వంత. మా ప్రాంతంలో అమ్మవారి కథలు తెల్లవార్లూ చెప్పేవారు. ఆయన అరవై దాటినవాడు, మధ్యాహ్నం మూడింటికే ఆటోలో వచ్చి పందిరి వెనక కూర్చున్నాడు. ఆయన వంతు వచ్చేసరికి తొమ్మిది ముప్ఫైతొమ్మిది. తొమ్మిది యాభైకి కానిస్టేబులొచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. అతని తప్పేం లేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా బయట లౌడ్‌స్పీకరు మోగకూడదు. ఏడాదికి పదిహేను రోజులకి మించకుండా అర్ధరాత్రి దాకా వెసులుబాటు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికుంది, ఆ పదిహేనులో మా రెండు రోజులు లేవు. వీడియోలో కొలిస్తే పెద్దాయన చెప్పిన కథ 11 నిమిషాలు. అమ్మవారు ఇంకా పుట్టనేలేదు. మైకు ఆపేశాం. ఆపాక ఆయన చేతిలో జముకు అలా పట్టుకునే ఉన్నాడు, నేను శాలువాతో వెళ్ళాను. “శాలవొద్దు గాని బాబూ, ఇంటికాడ ఇలాటివి పెట్టెడున్నాయి. రేత్రి ఆటో ఎక్కువడుగుతాడు, ఆ డబ్బులేవో ఇప్పించు” అన్నాడు. ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. మామూలుగా అడిగాడు, టీ ఇప్పించమన్నట్టు.

శాలువాల కొట్టతను తరవాత ఇంకో ముక్క చెప్పాడు. కప్పిన శాలువాలు చాలామటుకు సగం ధరకి మళ్ళీ అతని దగ్గరికే వస్తాయట. మడతపెట్టి, కొత్త కవరులో పెట్టి, మళ్ళీ నాలాంటివాడికే అమ్ముతాడు. మా ఊరి కళాపోషణ మొత్తం అతని కొట్లో ఒక్క అరలో పడుతుంది.

మనకీ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చింది? నాకు తోచింది చెప్తాను. మా జిల్లావాళ్ళం ఊ అంటే విజయనగరం సంగీత కళాశాల పేరెత్తుతాం. మహారాజు 1919లో పెట్టించాడు, ఆదిభట్ల నారాయణదాసు మొదటి అధ్యక్షుడు, తరవాత ద్వారం వెంకటస్వామినాయుడు. గర్వపడాల్సిన చరిత్రే, నేనూ పడతాను. కానీ ఆ చరిత్రలోంచి మనం పట్టుకొచ్చుకున్నది రాజు పెట్టిన ఖర్చుని కాదు, రాజు కూర్చున్న కుర్చీని. రాజు పోయాడు, జమీందారు పోయాడు, ముందు వరస సోఫా మిగిలింది. దానిమీద ఎవరో ఒకరు కూర్చోవాలి కాబట్టి రైస్‌మిల్లు ఓనరుని, రిటైరైన అధికారిని, వార్డు కౌన్సిలరుని కూర్చోబెడుతున్నాం. వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు దర్బారుకొచ్చిన ప్రజ. ప్రజ డబ్బివ్వదు, చప్పట్లిస్తుంది.

“తెలుగువాడు టికెట్టు కొని పాట వినడండీ” అని మా ఊరి పెద్దలు అన్నప్పుడల్లా నాకు సురభి గుర్తొస్తుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’తో మొదలుపెట్టిన ఆ నాటకాల వాళ్ళు తరాల తరబడి ఊరూరూ గుడారాలు వేసుకుని తిరిగింది ఏ రాజు ఖజానా చూసుకుని? టికెట్టు డబ్బుల మీద. కాంట్రాక్టు నాటకాలు ఆడిన పట్టణాల్లో జనం టికెట్టు కొన్నారు, పద్యం నచ్చితే వన్స్‌మోర్ కొట్టారు, నచ్చకపోతే ఈలలేశారు. అది దర్బారు కాదు, బజారు. బజారు అనే మాట మనకి చిన్నతనంగా వినిపిస్తుంది, అక్కడే ఉంది తంటా. బజారులో నటుడికి కూలి గిట్టింది. మన సభల్లో గాయకుడికి గౌరవం గిడుతోంది, ఇంటికెళ్ళడానికి ఆటో డబ్బులు గిట్టడంలేదు.

ఇంకో ముచ్చట. చట్టం కూడా ఈ ఉచితానికే వత్తాసు. 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షను చూడండి. ఔత్సాహిక సంఘం ఏదైనా డబ్బివ్వని ప్రేక్షకుల ముందు పాట పాడితే అది హక్కుల ఉల్లంఘన కిందకి రాదు. పెళ్ళి ఊరేగింపులో వాయిస్తే రాదు. నేను వంద రూపాయల టికెట్టు పెట్టి బ్యాండు కుర్రాళ్ళ చేత ఒక్క సినిమా పాట పాడించానా, లైసెన్సు కావాలి. త్యాగరాజస్వామితో ఆ బాధ లేదు, ఆయన 1847లోనే వెళ్ళిపోయారు. అందుకని రెండో ఏడు సినిమా పాటలు వద్దనేశాం. దానికి పడ్డ తిట్లు వేరే వ్యాసం.

రెండో ఏడు వేదిక మీద కుర్చీలుండవు, ప్రసంగాలుండవు, శాలువాలుండవు, టికెట్టు వంద రూపాయలు, చదువుకునే పిల్లలకి యాభై అన్నాం. ఆ సాయంత్రమే కమిటీ విరిగిపోయింది.

నాకు పద్యం చెప్పిన మాస్టారొకాయన ఉన్నారు. ముప్ఫైయేళ్ళ కిందట మా ఊళ్ళో మొదటి సంగీత సభ పెట్టింది ఆయనే. ఎండలో సైకిలు తొక్కుకుంటూ ఇంటింటికీ తిరిగి పది రూపాయలు, అయిదు రూపాయలు పోగుచేసినవారు. “ఒరే నాన్నా, నువ్వు చెప్పే లెక్క నాకు తెలీక కాదురా. ఆ మిల్లాయన్ని సోఫాలో కూచోబెడితే పాతికవేలిస్తాడు. నీ దగ్గిరున్నాయా పాతికవేలు? సోఫా ఆయనకి కాదు, మనకి కావాలి” అన్నారు. తరవాత ఇంకేం మాట్లాడలేదు, ఉత్సవానికి రాలేదు. మిల్లాయన నిజంగానే ఇవ్వలేదు. వాళ్ళ నాన్నగారి ఫొటో వేదిక మీద పెట్టాలని ఒక్క కోరిక కోరాడు, మేం కాదన్నాం. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఫొటో ఏ గోడకో పెట్టనిస్తే ఏం పోయేది అనిపిస్తుంది. పంతం పట్టాక ఏది పట్టుదలో ఏది మూర్ఖత్వమో ఆ వేడిలో తెలియదు.

చిన్న ఊళ్ళో ఉత్సవం అంటేనే తగాదా అని చప్పరించేసేవాళ్ళకి తిరువయ్యూరు గుర్తుచేస్తాను. తెలుగు పాటలకి అతిపెద్ద పండగ కావేరి ఒడ్డున అరవ ఊళ్ళో జరుగుతుంది, దాని పుట్టుకే కొట్లాటలో. విద్వాంసులు రెండు పక్షాలై వేరు వేరుగా ఆరాధన చేసేవారు. ఏ పక్షం వేదిక మీదా ఆడవాళ్ళకి చోటు లేదు. 1920లలో అక్కడ సమాధి మీద గుడి కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మ, తన సొంత సంపాదనతో. గుడి కట్టిన మనిషికి దాని ముందు పాడే హక్కు లేదన్నారు. ఆవిడ ఆడవాళ్ళని కూడగట్టి మూడో పక్షం పెట్టింది. 1940 ప్రాంతానికి గానీ అందరూ ఒక్కటి కాలేదు. అక్కడ కూడా పేచీ రాగం గురించి కాదు, ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నదాని గురించే. అంతమంది మహా విద్వాంసులకి తప్పనిది మా కమిటీకి తప్పుతుందా?

కల్యాణ మండపం వాళ్ళు మాకు తారీఖులు ఖాళీలేవన్నారు (ఖాళీగానే ఉంది, రెండు రోజులూ తాళం వేసి ఉండడం చూశాను). మూతబడ్డ జనపనార గోదాం ఒకటి దొరికింది. శుభ్రం చేయించడానికే నాలుగు రోజులు పట్టింది, ఆ పీచు వాసన ఆఖరిదాకా పోలేదు. వంద రూపాయల టికెట్లు 163, యాభైవి 94 అమ్ముడయ్యాయి. 21,000 వచ్చింది. పేరు వెయ్యొద్దన్న దాతలు కలిసి 40,000 ఇచ్చారు. ఖర్చు 1,08,000. అందులో కళాకారులకి 52,000. లోటు 47,000, మేం ముగ్గురం వేసుకున్నాం. మైక్‌సెట్టుకి ఇంకా కొంత బాకీ.

అంటే, టికెట్టు డబ్బుతో పండగ నడవదు. ఈ వ్యాసం చదివి “చూశావా, నీ లెక్కే నిన్ను ఓడించింది” అనబోయేవారికి ఆ శ్రమ తప్పిస్తున్నాను. మరి టికెట్టు ఎందుకు? మొదటి రోజు ఏడు నిమిషాలు ఆలస్యమైంది. మందులషాపు ఆయన ఒకాయన లేచి, “నూర్రూపాయలిచ్చానండీ, ఆరున్నరన్నారు, ఏంటిది?” అని గోదాం అదిరేలా అరిచాడు. మా ఊళ్ళో ఒక శ్రోత సంగీతం ఎందుకు మొదలవలేదని అరవడం నా ఎరికలో అదే మొదలు. అంతకుముందు ఏడు ఇదే మనిషి నలభై నిమిషాలు ముఖ్య అతిథి కోసం నోరుమూసుకు కూర్చున్నాడు, వీడియోలో ఉన్నాడు. అతనికి అభిరుచి కొత్తగా పుట్టలేదు. అడిగే హక్కు వచ్చింది.

మా బ్యాండు కుర్రాడొకడు అరుణాచల్‌లోని జీరో గురించి చెప్పి అలా చేద్దామంటాడు. 2012 నుంచి ఆ లోయలో జరుగుతోంది, అపతానీలు వెదురుతో వేదికలు కడతారు, దేశమంతటి నుంచి కుర్రకారు గుడారాలేసుకుని ఉంటుంది. గొప్పగానే ఉంటుంది. కానీ బయటివాళ్ళు రావడం కోసం నేనిది మొదలుపెట్టలేదు. మా మందులషాపాయన వినాలి.

ఇక నాకు జవాబు దొరకని సంగతి ఒకటుంది, దాన్ని దాటేసి పోతే ఈ వ్యాసం కూడా ఒక ఉపన్యాసమే అవుతుంది. రెండో రోజు తప్పెటగుళ్ళు. దళం వాళ్ళ ఊరినుంచి రెండు ఆటోల్లో, నడిచీ ఇరవైమందికి పైగా వచ్చారు. గేటు దగ్గర టికెట్టు బల్ల చూసి పక్కకి జరిగి గోడవార నిలబడ్డారు. గొడవచెయ్యలేదు, బేరమాడలేదు, నిలబడ్డారంతే. నేను పరిగెత్తుకెళ్ళి లోపలికి రమ్మన్నాను. చాలామంది వచ్చారు. ఒక ముసలమ్మ రాలేదు. “మావోళ్ళ ఆట మేం సూడ్డానికి టికెట్టేటి బాబూ? మా ఊళ్ళో సూత్తాంలే” అని మనవణ్ణి చెయ్యి పట్టుకుని రోడ్డు మీదకి వెళ్ళిపోయింది.

ఆవిడది రాజుగారి ప్రజ బుద్ధి అని నేననలేను. ఆవిడ అలవాటు ఉచితం కాదు. జాతరలో తప్పెటగుళ్ళు ఆడితే ఊరు బియ్యమిస్తుంది, వేటమాంసంలో వాటా ఇస్తుంది, బట్టలు పెడుతుంది. అక్కడ ఆడేవాడూ చూసేవాడూ ఒకే ఇంటివాళ్ళు. దాన్ని గోదాంలోకి తెచ్చి గేటు పెట్టింది నేను. మా వయొలిన్ విద్వాంసుడికి గేటు మేలుచేసింది, ఆ ముసలమ్మని బయటే నిలబెట్టింది. ఈసారి తప్పెటగుళ్ళకి గేటు తీసేసి, దళానికి మాత్రం ముందే మాట్లాడుకున్న డబ్బు ముందే ఇచ్చేద్దామని నా స్నేహితుడంటాడు. అప్పుడు మళ్ళీ జానపదం ఉచితం, శాస్త్రీయం టికెట్టు అన్న పాత మెట్ల వరస నేనే కట్టినట్టవుతుంది. ఆడవాళ్ళకీ పిల్లలకీ ఉచితం అంటే అదో రకం చిన్నచూపు. నేను పగలంతా కోడ్‌లో ఇలాంటి ముళ్ళు విప్పుతుంటాను, ఇది మాత్రం విప్పలేకపోతున్నాను. తెలిసినవారు చెప్పండి, వింటాను.

కానీ ఆ ముసలమ్మని అడ్డం పెట్టుకుని సోఫాలు వెనక్కి తెద్దామంటే మాత్రం ఒప్పుకోను. రెండువేల రూపాయల ఫోను పౌచి చేత్తో పట్టుకుని “రెండు పాసులు పంపిస్తావా నాన్నా” అని అడిగేవాళ్ళున్నారే, వాళ్ళు ఆవిడ పేరు చెప్పుకోడానికి వీల్లేదు. నాకు ఆ వారంలో పాసుల కోసం వచ్చిన ఫోన్లలో ఒక్కటీ పేదవాళ్ళది కాదు. కళలు అంతరించిపోతున్నాయని కవితలు రాసినవారిది ఒకటుంది. అమెరికా నుంచి సంక్రాంతికి వచ్చి, నాకన్నా నాలుగింతలు సంపాదించే నా క్లాస్‌మేట్‌ది ఒకటుంది. వంద రూపాయలు వాడికి లెక్క కాదు, కానీ కొనడం నామోషీ. ‘పిలిస్తే’ వస్తాడు. పాట వినడానికి పిలుపు కావాలా? బిర్యానీ తినడానికి వాణ్ణి ఎవరు పిలుస్తున్నారు?

రెండో ఏడు జముకుల కథని మొదట పెట్టాం. ఆరూ ముప్ఫైయేడుకి మొదలై రెండు గంటల పది నిమిషాలు సాగింది. మధ్యలో పదిహేనుమంది దాకా లేచి వెళ్ళిపోయారు, వాళ్ళ డబ్బు వాళ్ళిష్టం. అమ్మవారు పుట్టింది, పెరిగింది, అలిగింది. పెద్దాయనకీ ఆయన వంతలిద్దరికీ కలిపి 9,000 ఇచ్చాం. ఆయన నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని, “వొచ్చే ఏడు కూడా ఇంతే ఇత్తారా?” అని అడిగాడు.

చూద్దాం తాతా అన్నాను. తారీఖులు ఇంకా ఖాయం కాలేదు. గోదాం ఓనరు ఈసారి అద్దె పెంచుతానంటున్నాడు. మాస్టారి ఇంటికి వెళ్ళి ఒకసారి కూర్చోవాలి.